మే నెల నీళ్లు లెక్కేసుకుని మొక్కలు పెట్టండి: అనంతపురం పెరట్లో పండ్ల చెట్లు

కొత్తింట్లో చేరిన ఊపులో ఒక జూలైలో మా ఇంటి వెనక జాగాలో ఒకేసారి 11 మొక్కలు పెట్టేశాం. మరుసటి మే నెలాఖరుకు నాలుగు మిగిలాయి. ఎండిపోయిన వాటిలో ఒక మామిడి అంటును పీకి చూశాను. నర్సరీ సంచిలో వచ్చిన మట్టి ముద్ద సంచి ఆకారంలోనే రాయిలా బిగుసుకుపోయి ఉంది, వేళ్లు దాని చుట్టూ చాపచుట్టలా తిరిగి తిరిగి ఉన్నాయి, ఒక్క వేరు కూడా బయటి ఎర్రమట్టిలోకి పోలేదు. నేలకేసి కొడితే ఆ ముద్ద పెంకులా పగిలింది, లోపల పొడిపొడి. పది నెలలు మేం పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచి జారి కిందికి పోయాయన్నమాట. ఎండలకు పోయిందిలే అని అందరూ అన్నారు, నిజానికి మేం పెట్టిన రోజే అది చావడం మొదలైంది.

ఆ తర్వాత తక్కువ మొక్కలతో మళ్లీ మొదలుపెట్టాం. అనంతపురం, కదిరి, పులివెందుల, డోన్ లాంటి ఎర్రనేలల ఊళ్లలో ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదట చెయ్యాల్సింది నీళ్ల లెక్క. చాలామంది జాగా చూసి మొక్కలు కొంటారు, మన దగ్గర మాత్రం మే నెలలో చేతిలో ఎన్ని నీళ్లు ఉంటాయో చూసి కొనాలి. అనంతపురంలో ఏడాది మొత్తం పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబర్ చుట్టూ పడేదే ఎక్కువ, ఫిబ్రవరి నుంచి మే దాకా చెట్టుకు మీరే దిక్కు. వంటింట్లో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు, గిన్నెలు సబ్బు పెట్టకముందు తొలిపిన నీళ్లు ఒక బకెట్‌లో పట్టి మూడు రోజులు కొలవండి. మా ఇంట్లో నలుగురికి రోజుకు 30 లీటర్ల దాకా వచ్చాయి. కొత్తగా పెట్టిన మొక్కకు మొదటి వేసవిలో మా నేలలో రోజు విడిచి రోజు 10 లీటర్లు పోయాల్సి వస్తుంది, అంటే రోజుకు 5 లీటర్లు. 30ని 5తో భాగిస్తే 6. ఆరంటే ఆరు మొక్కలే, ఏడోది వద్దు. కుళాయి వచ్చే రోజు ఇంకో నాలుగు బిందెలు పట్టొచ్చు, బోరు ఉంది కదా అంటారేమో, అవి అవసరానికి ఉంచుకోండి, లెక్కలో వెయ్యొద్దు, మోటారు కాలిపోయేదీ కుళాయి రానిదీ సరిగ్గా రోహిణి కార్తెలోనే.

ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మొక్కలకు పోయకండి. మన బోరు నీళ్లలో ఉండే ఉప్పంతా చిక్కబడి అందులోకే వస్తుంది, కొన్నాళ్లకు మొక్క మొదలు దగ్గర తెల్లగా పొర కడుతుంది, నిమ్మ అయితే అసలు తట్టుకోదు. బట్టల సబ్బు నీళ్లు కూడా లేత మొక్కకు వద్దు.

ఇక ఏం పెట్టాలనేది. ఇందులో నా అభిప్రాయం గట్టిది: ఎదిగాక మన ఎండాకాలంలో నిద్రపోయే చెట్లనే ఎక్కువ పెట్టండి. రేగు వేసవిలో ఆకు రాల్చి ఊరుకుంటుంది, నీళ్లు అడగదు. సీతాఫలం చలికాలం చివర్లో ఆకు రాల్చి మోడుగా నిలబడి, ఎండలు ముదిరే వేళకు చిగురు వేస్తుంది, వానలకు కాయ ఊరుతుంది. ఎదిగిన జామకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఆపడమే మంచిది, ఆకు కొంత రాల్చి, జూన్ వానకు ఒక్కసారిగా చిగురూ పూతా వేసి, చలికాలంలో గట్టి తియ్యటి కాయ ఇస్తుంది. మామిడికైతే అక్టోబర్ నుంచి పూత వచ్చేదాకా నీళ్లు పెట్టనే కూడదు, పెడితే పూతకు బదులు చిగురు వస్తుంది, కాయ బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఇవన్నీ ఈ నేలకు అలవాటు పడ్డ చెట్లు. కొబ్బరి సంగతి చూడండి, కాపుకొచ్చిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 40, 50 లీటర్లు కావాలి, అంటే ఒక్క కొబ్బరి చెట్టు ఎనిమిది పది పిల్లమొక్కల నీళ్లు తాగేస్తుంది. తొట్టి నీళ్లన్నీ అటే పోయే ఇల్లయితే తప్ప నేను వద్దనే చెబుతాను.

మా రెండో విడత ఆరు ఇవి: సీతాఫలం, జామ, నిమ్మ, మామిడి, మునగ, కరివేపాకు. నిమ్మ మాత్రం ఏడాది పొడుగునా తడి కోరుతుంది, అందుకే వంటింటి నీళ్లు పోయే వైపు పెట్టాం. చీనీ, అంటే బత్తాయి, పెరట్లో పెట్టొచ్చు, కానీ తోటల్లోనే దాన్ని కాపాడుకోవడానికి రైతులు ఎంత తంటాలు పడుతున్నారో నార్పల, తాడిపత్రి వైపు చూస్తూనే ఉన్నాం కాబట్టి మొదటి చెట్టుగా వద్దు. దానిమ్మ కూడా అంతే, మచ్చ తెగులు పట్టిందంటే కాయలు నల్ల మచ్చలు పడి పగిలిపోతాయి. బొప్పాయి పెట్టండి, తొమ్మిది పది నెలలకే కాయ కోసుకుంటారు, కానీ అది రెండు మూడేళ్ల చుట్టం, దాన్ని చెట్ల లెక్కలో వేసుకోవద్దు.

దూరం విషయంలో మొహమాటం పడకండి. మామిడి గోడకు 10 అడుగులు, ఇంకో చెట్టుకు 20 అడుగులు తగ్గకుండా, జామ, నిమ్మ, సీతాఫలం మధ్య 15 అడుగులు, మునగకు 8, కరివేపాకుకు 5 చాలు. జాగా తక్కువైతే బేనిషాకు బదులు ఆమ్రపాలి పెట్టుకోండి, దశేరీ, నీలం కలిపి చేసిన రకం, గుబురుగా పొట్టిగా ఉంటుంది. బేనిషా మన బనగానపల్లె పండు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇష్టం ఎవరికుండదు, కానీ అది ఎదిగితే మిద్దెను కప్పేస్తుంది. సెప్టిక్ ట్యాంకు పక్కన, కరెంటు తీగల కింద ఏదీ వద్దు.

గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే తీయించాలి. పెద్ద చెట్టుకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు, జామ, నిమ్మలకు రెండున్నర చాలు. మన ఎర్రనేల పైన అడుగు, అడుగున్నర మట్టి, ఆ కింద గరుసు, అంటే రాళ్లు కలిసిన గట్టి పొర. కూలీలు అడుగున్నర తవ్వి గడ్డపార ఖంగుమనగానే చాలన్నా అంటారు, అక్కడ ఆపనివ్వకండి, ఆ గరుసును పగలగొట్టడమే అసలు పని, వేరు దాన్ని దాటి కిందికి పోతేనే నాలుగో ఏడు నుంచి చెట్టు తన నీళ్లు తాను వెతుక్కుంటుంది. పైమట్టి ఒక పక్క, గరుసు ఇంకో పక్క పోయించండి. గుంత తీశాక నాలుగు బకెట్ల నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూడండి. ఇంకా నిలిచి ఉంటే అడుగున సుద్ద గానీ రాతి పొర గానీ ఉన్నట్టు, మధ్యలో ఇంకో అడుగు లోతుకు గడ్డపారతో బొక్క పొడిపించాలి, లేకపోతే వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి.

మూడు నాలుగు వారాలు గుంత ఎండకు కాగనిచ్చి, పైమట్టిలో రెండు గంపల మాగిన దిబ్బెరువు, కిలో వేపపిండి, కిలో సూపర్ ఫాస్ఫేట్ కలిపి పూడ్చండి. గరుసును తిరిగి గుంతలో వెయ్యకండి, చుట్టూ పాది గట్టుకు వాడుకోండి. దిబ్బెరువు ఏడాది మాగింది కావాలి, పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, చెదలు, వేరుపురుగు రెండూ వస్తాయి. నేలకంటే అరడుగు ఎత్తుగా పూడ్చి వదిలేస్తే జూన్, జూలై తుంపర్లకు అణిగి సర్దుకుంటుంది.

నంద్యాల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి వాళ్లకు కథ వేరు. అక్కడ గుంత లోతు కంటే ఎత్తు ముఖ్యం, అడుగు ఎత్తు దిబ్బ పోసి దానిమీద పెట్టండి, మట్టిలో ఇసుక కలపండి. వేసవిలో నేల బీటలు పడితే లేత వేళ్లు తెగిపోతాయి, బీట కనపడగానే వదులు మట్టితో పూడ్చెయ్యాలి. సున్నం ఎక్కువున్న చోట నిమ్మ, చీనీ ఆకు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి, ఆ నేలలో వాటికి బదులు సపోటా, రేగు మేలు.

మొక్క ఎప్పుడు పెట్టాలి? అందరూ మృగశిర రాగానే అంటారు. మన దగ్గర నేను ఒప్పుకోను. జూన్, జూలైలో ఇక్కడ వాన కంటే గాలి ఎక్కువ, ఆషాఢం గాలికి లేత మొక్క రోజంతా ఊగి వేరు పట్టదు, పైగా వానకూ వానకూ మధ్య ఇరవై రోజులు ఖాళీ వస్తుంది. శ్రావణం సగం దాటాక, ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబర్ మధ్యలో పెడితే గాలి తగ్గి ఉంటుంది, ఉత్తర, హస్త కార్తెల వానలు దొరుకుతాయి, చలికాలమంతా వేరు దిగడానికి వీలుంటుంది.

కానీ మొక్కలు జూలైలోనే తెచ్చుకోండి. మన ఊళ్లలో అమ్మేవి చాలావరకు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి ఒండ్రులో, అక్కడి తేమలో పెరిగిన మొక్కను తెచ్చి నేరుగా ఇక్కడి గాలిలో పెడితే తట్టుకోలేదు. నాలుగు వారాలు చెట్టు నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో పెట్టి అలవాటు చెయ్యాలి. కొనేటప్పుడు కాయలున్న మొక్కకు ఆశపడకండి, రెండు మూడడుగుల ఎత్తు, వేలంత మొదలు, అంటు అతుకు గట్టిగా కలిసిపోయి ఉన్నది తీసుకోండి. సంచి అడుగున లావు వేళ్లు బయటికొచ్చి తెగి ఉంటే వద్దు. మామిడి, సపోటా, నేరేడు అంటువే కొనాలి, గింజ నేరేడు కాయాలంటే ఎనిమిది పదేళ్లు పడుతుంది. జామ, దానిమ్మ గూటివి, అంటే కొమ్మకు మట్టి కట్టి వేరు పుట్టించినవి, మంచివి. నిమ్మ, సీతాఫలం గింజ మొక్కలైనా పర్వాలేదు. మునగకు చెయ్యంత లావు కొమ్మ నాలుగడుగులది నాటితే చాలు, లేదా పీకేఎం-1 రకం గింజలు పెడితే ఆరేడు నెలలకే కాయ. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేట, ఇటు మహానంది ఉద్యాన పరిశోధన స్థానాల్లో కూడా ఒకసారి అడిగి చూడండి.

నాటే రోజు సంచితో సహా మొక్కను బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు వస్తాయి, అవి ఆగేదాకా ఉంచాలి, పది నిమిషాలో అరగంటో. సంచి కోసి, ఆ బంకమట్టి ముద్ద అంచుల్ని వేళ్లతో మెత్తగా రాలగొట్టి, చుట్టుకున్న వేళ్లను విడదీసి, అడుగున గుండ్రంగా తిరిగిన వేరు ఉంటే శుభ్రమైన బ్లేడుతో కోసెయ్యండి. ముద్ద మొత్తం చిదపకండి, అంచులు వదులైతే చాలు. మా మామిడి చచ్చింది ఈ అయిదు నిమిషాల పని చెయ్యక. అంటు అతుకు నేలకు అరడుగు పైన ఉండాలి, మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. చుట్టూ మట్టి కాలితో తొక్కి అణచి, రెండు కర్రలు పాతి, పాత చీర పేలికతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. అతుకు దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఉంటే విప్పెయ్యాలి. అతుకు కింద నుంచి వచ్చే చిగురు ఎప్పుడొచ్చినా గిల్లెయ్యాలి, వదిలితే అది అడవి మొక్కగా పెరిగి అంటును చంపేస్తుంది.

నీళ్లు పోసే పద్ధతిలో మాకు బాగా పనిచేసింది కుండ. రంగు వెయ్యని కొత్త మట్టి కుండ, 8 నుంచి 10 లీటర్లది, మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి పైన మూకుడు పెట్టాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నీళ్లు కుండ గోడలోంచి ఊరి వేళ్ల దగ్గరికే పోతాయి, పైన నేల పొడిగానే ఉంటుంది కాబట్టి కలుపు రాదు. మొదటి రోజుల్లో కుండ రెండు రోజులకు ఖాళీ అవుతుంది. మూడు నాలుగు నెలలకు ఒకసారి పక్క మట్టి తీసి చూశాను, తెల్లటి సన్న వేళ్లు కుండను వల కట్టినట్టు పట్టుకుని ఉన్నాయి. బోరు నీళ్ల ఉప్పుకు రంధ్రాలు పూడుకుపోతాయి, ఏడాదికోసారి లోపల పీచుతో తోమాలి. రెండో ఏడు కుండను మొక్కకు రెండడుగుల దూరానికి జరపండి, లేదా రెండోది పెట్టండి, వేరు నీళ్లను వెతుక్కుంటూ బయటికి రావాలి. నిమ్మ మొదలుకు తడి అస్సలు తగలకూడదు, బంక కారే తెగులు వస్తుంది, దాని చుట్టూ చిన్న మట్టి గట్టు వేసి, నీళ్లు ఆ గట్టు బయట పాదిలోనే పెట్టండి.

నేల కప్పడానికి మనకు శనక్కాయ పొట్టు దొరుకుతుంది, అంతకంటే మంచిది లేదు. పాదిలో నాలుగు వేళ్ల మందం పరిస్తే నేల చల్లగా ఉంటుంది. మొక్క మొదలుకు జానెడు దూరం వదలండి, ఎందుకంటే పొట్టు కింద చెదలు చేరి బెరడు కొరికేస్తాయి. వారానికోసారి పొట్టు ఎత్తి చూడటం, వేపపిండి చల్లడం అలవాటు చేసుకోండి. మొదలుకు బోర్డో పేస్టు పూస్తే తెగుళ్లూ తగ్గుతాయి: 100 గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అరలీటరులో, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, రెండూ కలపాలి. శుభ్రమైన ఇనుప మేకు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పట్టిందంటే ఇంకాస్త సున్నం వెయ్యాలి. కొమ్మలు కత్తిరించిన ప్రతి గాయానికీ ఇదే పూయండి.

సెప్టెంబర్ వానలు వృథా కానివ్వకండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లకు పైనే వస్తాయి. మిద్దె పైపు వీధి కాలవలోకి పోనివ్వకుండా పెరట్లో కందకంలోకి తిప్పితే ఆ నీళ్లన్నీ గరుసు కింద చేరతాయి.

మొదటి రెండు వేసవులు పడమటి వైపు నీడ కావాలి. కంది కట్టె తడికయినా, గోనె సంచయినా, కొబ్బరి మట్టలయినా సరే, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మొదలు మీద ఎండ పడకుండా చూడండి.

సీతాఫలం పెట్టిన రెండో ఫిబ్రవరిలో ఆకంతా రాలి పుల్లలా నిలబడితే, పోయిందనుకుని పీకబోయాను. పక్కింటి పెద్దమ్మ గోడ మీదనుంచి చూసి, "పీకాకు నాయనా, అది సావలే, గోరుతో గీకి సూడు" అంది. గీకితే లోపల పచ్చగా ఉంది. ఏప్రిల్ నాటికి చిగురేసింది, ఇప్పుడు అదే మా పెరట్లో అన్నిటికంటే నికరమైన చెట్టు, మేకలు కూడా దాని ఆకు ముట్టవు. కాయ కళ్లు విచ్చుకుని వాటి మధ్య గాడులు లేత పసుపు తిరిగినప్పుడు కోసి గోనె సంచిలో పెడితే రెండు మూడు రోజులకు పండుతుంది.

జామను రెండున్నర అడుగుల ఎత్తులో చివర తుంచి, నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలు ఉంచండి. పూత కొత్త చిగురు మీదే వస్తుంది కాబట్టి ఏటా మే చివర్లో కొమ్మల కొసలు మూడో వంతు కత్తిరిస్తే చెయ్యికందే ఎత్తులోనే కాయ. మామిడికి మూడేళ్ల దాకా పూత వస్తే తుంచెయ్యండి, మనసు ఒప్పదు, అయినా తుంచండి. మునగను ఏటా కాపు అయ్యాక మూడడుగులకు కొట్టెయ్యాలి. నిమ్మ, కరివేపాకు రెండిటినీ ఒకే సీతాకోక చిలుక పురుగు తింటుంది, చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటుంది, పొద్దున్నే చేత్తో ఏరెయ్యండి, మందు అక్కర్లేదు, ఎలాగూ మనం తినే ఆకే కదా.

చెట్ల మధ్య ఖాళీలో దొండ పాదు పెట్టండి, పెన్సిల్ లావు తీగ ముక్క నాలుగు కణుపులది నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది. తీగ బచ్చలి, పొన్నగంటి కూర తడి ఉండే నిమ్మ వైపు. ప్రహరీ లేని పక్క వాక్కాయ, మా వైపు కలివికాయ అంటాం, మూడడుగులకొకటి పెడితే ముళ్ల కంచె, పప్పులోకి పులుపు రెండూ.

మూడో వేసవి నుంచి నీళ్లు మెల్లగా మాన్పించాలి. రోజు విడిచి రోజు పోసేది వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి, కానీ పోసినప్పుడు 40 లీటర్లు, చెట్టు నీడ అంచున. ఆకు మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడకండి. పొద్దున ఏడింటికి కూడా వాలి ఉంటే ఆ రోజే పోయాలి. నాలుగో వేసవిలో సీతాఫలం, జామ, మునగలకు మేం ఒక్క చెంబు కూడా పోయలేదు, మామిడికి కాయ ఊరేటప్పుడు పోశాం, నిమ్మకు మామూలుగానే. రోజుకు 15 లీటర్లు మిగిలాయి, 5తో భాగిస్తే 3, ఆ ఆగస్టులో ఒక రేగు అంటు, ఒక నేరేడు అంటు, ఒక ఉసిరి పెట్టాం.